ఓడిన రోజు గెలిచిన సెట్: వాలీబాల్ అర్హత పోరు గురించి

(యువ క్రీడాకారులు, శిక్షకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిల్చున్నవాళ్ళు ముందుకు వచ్చేయండి, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మైకు వినబడుతోంది కదా? సరే.

వాలీబాల్ గురించి మాట్లాడమంటే అందరూ ఒలింపిక్ ఫైనల్ దగ్గర మొదలుపెడతారు. నేను కొన్నాళ్ళు ఈ ఆట ఆడాను, చాలాకాలం ఆడించాను. నన్నడిగితే ఆటగాడి లోపల ఉన్నదంతా బయటపడేది ఫైనల్లో కాదు. ఫైనల్లో ఓడినా మెడలో వెండి పతకం పడుతుంది. అర్హత టోర్నీ చివరి రోజు ఓడినవాడికి ఏమీ దక్కదు. బ్యాగు సర్దుకుని ఇంటికెళ్ళి నాలుగేళ్ళు ఆగాలి. ఎగిరి కొట్టడమే వృత్తిగా ఉన్న మనిషికి నాలుగేళ్ళంటే మాటలు కాదు. మోకాలు ఆగనిస్తుందో లేదో ఎవరికి తెలుసు? అందుకే ఈ రోజు అర్హత మ్యాచ్‌ల గురించే చెప్తాను.

2023 అక్టోబర్ 1కి వెళ్దాం. టోక్యోలో పారిస్ ఒలింపిక్స్ అర్హత టోర్నీ జరుగుతోంది. జపాన్ పురుషుల జట్టు ఈజిప్టుతో ఆడుతోంది. ఆ జపాన్ మామూలు జట్టు కాదు, ప్రతి వేసవిలో పెద్ద జట్లు ఆడే నేషన్స్ లీగ్‌లో ఆ ఏడాదే కాంస్యం గెలిచి వచ్చింది. మొదటి రెండు సెట్లు జపాన్‌వే. హాలంతా ఒకటే కేరింతలు. ఈజిప్టు మూడో సెట్ లాక్కుంది, నాలుగోదీ లాక్కుంది, చివరికి ఐదోదీ తీసుకెళ్ళిపోయింది. దానికి ముందు రోజు ఫిన్లాండ్‌తోనూ దాదాపు ఇదే జరిగింది. రెండు సెట్లు గెలిచి, రెండు వదిలేసి, ఐదో సెట్‌లో బతికి బయటపడ్డారు. పూల్‌లో, అంటే వాళ్ళ గుంపులో, ఎనిమిది జట్లు, పారిస్‌కి బెర్తులు రెండే. రెండో మ్యాచ్‌కే ఒక ఓటమి, అది కూడా సొంత జనం ముందు.

ఆ రాత్రి వాళ్ళ గదిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తర్వాత కోర్టులో ఏం చేశారో మాత్రం చూశాను. ట్యునీసియా, టర్కీ, సెర్బియా, స్లోవేనియా. నాలుగు మ్యాచ్‌లు, పన్నెండు సెట్లు, ఒక్కటి కూడా వదల్లేదు. స్లోవేనియా మీద చివరి పాయింట్ పడగానే కెప్టెన్ యుకి ఇషికావా కోర్టులోనే ఏడ్చేశాడు. 2008 తర్వాత జపాన్ పురుషులు ఆతిథ్య దేశంగా కాకుండా ఆడి సంపాదించుకున్న మొదటి ఒలింపిక్ బెర్తు అది. పదిహేనేళ్ళ కరువు ఆ పన్నెండు సెట్లతో తీరింది.

ఈజిప్టుతో ఓడాక ఆ జట్టు కుప్పకూలిపోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. ఎందుకు కూలిపోలేదన్నదే నా ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే ముందు ఈ అర్హత వ్యవహారం ఎలా నడుస్తుందో కొంచెం తెలియాలి. త్వరగా చెప్పేస్తాను.

వాలీబాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1964లో, టోక్యోలోనే. ఇప్పుడు పురుషుల్లో పన్నెండు జట్లు, మహిళల్లో పన్నెండు జట్లు ఆడతాయి. అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్యలో సభ్య దేశాలు రెండు వందల ఇరవైకి పైమాటే. అంటే ఎంత ఇరుకు వాకిలో మీరే ఊహించుకోండి. పారిస్‌కి ఈ పన్నెండు ఎలా పంచారంటే, ఆతిథ్య దేశం ఫ్రాన్స్‌కి ఒకటి ముందే ఇచ్చేశారు. 2023లో మూడు అర్హత టోర్నీలు పెట్టి, ఒక్కోదాంట్లో ఎనిమిది జట్లని ఆడించి, మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్ళని తీసుకున్నారు. అవి ఆరు. మిగిలిన ఐదూ 2024 జూన్‌లో, నేషన్స్ లీగ్ లీగ్ దశ ముగిశాక, ప్రపంచ ర్యాంకింగ్ చూసి ఇచ్చారు. అప్పటికి ఏ ఖండం నుంచైనా ఒక్క జట్టు కూడా రాకపోతే ముందు ఆ ఖండానికి ఒకటి. ఆఫ్రికా నుంచి పురుషుల్లో ఈజిప్టు, మహిళల్లో కెన్యా అలా వచ్చాయి. ఈ విషయం దగ్గరికి మళ్ళీ వస్తాను, దాని గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

2023 అర్హత టోర్నీల్లో ఒక్కో జట్టు తొమ్మిది రోజుల్లో ఏడు మ్యాచ్‌లు ఆడింది. కాగితం మీద చిన్న మాటే. ఆడినవాళ్ళని అడగండి. శిక్షకులుగా ఉన్నవాళ్ళు ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి, దీన్ని నేను దగ్గర నుంచి చూశాను. అటాకర్, అంటే ఎగిరి బంతిని కొట్టేవాడు, అలిసిపోయాడని మనం ఎప్పుడు గుర్తుపడతాం? ఎగరడం తగ్గినప్పుడు అంటారు చాలామంది. అప్పటికే ఆలస్యమైపోయినట్టు. మొదట తెలిసేది సర్వీస్‌లో, అదీ బంతిని పైకి వేసేటప్పుడు. జంప్ సర్వీస్ చేసేవాడు తాజాగా ఉన్నప్పుడు బంతిని తన ముందు, కుడి భుజానికి సూటిగా, ప్రతిసారీ ఒకే చోటికి వేస్తాడు. నాలుగో రోజుకి ఆ బంతి ఒక జానెడు వెనక్కి పడటం మొదలవుతుంది. కాళ్ళు బరువెక్కాయని చేతికి ముందే తెలిసిపోతుంది, దూరం పరిగెత్తాల్సిన పని లేకుండా బంతిని దగ్గరగా వేసుకుంటుంది. బంతి వెనక్కి పడితే దెబ్బ కింది నుంచి తగులుతుంది. అయితే నెట్ టేపుకి కొట్టుకుంటుంది, కాదంటే ఎండ్ లైన్ దాటిపోతుంది. శిక్షకుడు "ఏకాగ్రత పెట్టరా" అని అరుస్తాడు. లోపం ఏకాగ్రతది కాదు, పిక్కలది.

రెండోది సెట్టర్, అంటే కొట్టేవాళ్ళకి బంతి ఎత్తి ఇచ్చేవాడు. పాస్ బాగా వచ్చినప్పుడు కూడా మధ్యలో ఉన్న బ్లాకర్‌కి క్విక్, అంటే తక్కువ ఎత్తులో చప్పున కొట్టే బంతి, ఇవ్వడం మానేసి, బంతిని ఎత్తుగా ఎడమ అంచుకి పంపించడం మొదలుపెడతాడు. ఎందుకంటే క్విక్ ఇవ్వాలంటే మధ్య బ్లాకర్ ప్రతిసారీ ఎగరాలి, బంతి వచ్చినా రాకపోయినా. అతను ఎగరడం మానేశాడని సెట్టర్‌కి అందరికంటే ముందు తెలుస్తుంది. దాంతో దాడి అంతా ఒక్క అంచు నుంచే. అవతల ఇద్దరు బ్లాకర్లు తీరిగ్గా వచ్చి నిలబడతారు. పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, మహిళలది 2.24. మొదటి రోజూ అంతే, ఏడో రోజూ అంతే. మారేది దాని పైన మీ చెయ్యి ఎంత లేస్తుందన్నదే.

అందుకే అర్హత టోర్నీలో పదమూడో, పద్నాలుగో ఆటగాడు కూడా ముఖ్యమే. జట్టుకి పద్నాలుగు మంది. పేరున్న ఆరుగుర్నే ఏడు మ్యాచ్‌లూ ఆడించిన జట్టు ఏడో రోజు నిలబడటం నేను చాలా తక్కువసార్లు చూశాను. బెంచి మీద కూర్చున్న కుర్రాడికి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే. నువ్వు మూడో సెట్‌లో వచ్చి చేసే రెండు సర్వీసులు పట్టికలో పేరు లేకుండా పోవచ్చు, కానీ ఆ రెండు సర్వీసుల సేపు ఇంకొకడి మోకాలు విశ్రాంతి తీసుకుంది.

ఇక లెక్కల సంగతి. ఈ మాట వినగానే ఆటగాళ్ళు మొహం తిప్పేసుకుంటారు, కానీ అర్హత పోరులో సగం అక్కడే ఉంది. పూల్‌లో మొదట చూసేది ఎన్ని మ్యాచ్‌లు గెలిచారన్నది. అవి సమానమైతే పాయింట్లు. 3-0తో గానీ 3-1తో గానీ గెలిస్తే మూడు పాయింట్లు, 3-2తో గెలిస్తే రెండే. 2-3తో ఓడినవాడికి ఒక పాయింటు. అవీ సమానమైతే గెలిచిన సెట్లని ఓడిన సెట్లతో భాగిస్తారు. అదీ సమానమైతే బంతి బంతికీ వచ్చిన పాయింట్లని భాగిస్తారు.

2015 ప్రపంచ కప్ చెప్తాను. అప్పట్లో ప్రపంచ కప్‌లో మొదటి రెండు స్థానాలకి రియో ఒలింపిక్ బెర్తులు. పోలండ్ పురుషులు అంతకు ముందు ఏడాదే ప్రపంచ ఛాంపియన్లు. వరుసగా పది మ్యాచ్‌లు గెలిచారు. పది! పదకొండోది, ఆఖరిది, ఇటలీతో. అందులో 1-3తో ఓడిపోయారు. అమెరికా, ఇటలీ, పోలండ్ ముగ్గురికీ పది గెలుపులు, ఒక ఓటమి. గెలుపుల తర్వాతి లెక్కలు చూస్తే పోలండ్ మూడోది. పదకొండు మ్యాచ్‌ల్లో పది గెలిచినవాళ్ళు మళ్ళీ అర్హత టోర్నీల చుట్టూ తిరిగి, చివరికి 2016లో టోక్యోలో బెర్తు సంపాదించుకున్నారు. ఆ పది గెలుపుల్లో ఎక్కడో ఒక చోట జారిపోయిన ఒక్క సెట్, ఆ రోజు ఎవరూ పట్టించుకోని సెట్, ఎనిమిది నెలల శ్రమ తెచ్చిపెట్టింది.

నా విషయం ఒకటి చెప్పాలి. ఇది చెప్పడం నాకు సులువు కాదు. చాలా ఏళ్ళ కిందట ఒక జూనియర్ జట్టుతో అర్హత టోర్నీకి వెళ్ళాను. మూడో రోజు బలమైన జట్టు మీద రెండు సెట్లు పోయాయి. మర్నాడు గెలవాల్సిన మ్యాచ్ ఉంది. నేను ముఖ్యమైన నలుగుర్నీ బయటికి పిలిచి కూర్చోబెట్టాను. "ఇది ఎలాగూ పోయింది, కాళ్ళు రేపటికి దాచుకోండి" అన్నాను. మూడో సెట్ 14 పాయింట్లకే పోగొట్టుకున్నాం. మర్నాడు గెలిచాం కూడా. కానీ చివర్లో గెలుపులు సమానం, పాయింట్లు సమానం, సెట్ల నిష్పత్తిలో ఒక్క సెట్ తేడాతో వెనకబడ్డాం. ఆ పిల్లలు నన్ను ఒక్క మాట అనలేదు. మా సెట్టర్ బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, దిగేదాకా ఇటు తిరగలేదు. ఆ రోజు నుంచి "ఎలాగూ పోయింది" అన్న మాట నా నోట రానివ్వలేదు.

ఇప్పుడు జపాన్ పురుషుల దగ్గరికి మళ్ళీ వద్దాం. ఈజిప్టుతో ఓడింది 2-3తో. అంటే ఆ ఓటమిలోనూ రెండు సెట్లు చేతిలో ఉన్నాయి, ఒక పాయింటు ఉంది. కుప్పకూలకపోవడానికి నాకు కనిపించే కారణం అదే. తలుపు మూసుకుపోలేదని వాళ్ళకి తెలుసు, ఇంక ఒక్క సెట్ కూడా వదలకూడదనీ తెలుసు. ఇదే సంగతి జపాన్ మహిళలు ఇంకా స్పష్టంగా చూపించారు. 2023లో టోక్యోలో చివరి మ్యాచ్ బ్రెజిల్‌తో ఐదు సెట్లు ఆడి ఓడి, నేరుగా వచ్చే బెర్తు పోగొట్టుకున్నారు. ఇక మిగిలింది ర్యాంకింగ్ దారి. 2024 జూన్‌లో ఫుకువోకాలో కెనడాతో ఆడారు, 2-3తో ఓడారు. ఓడిన ఆ రోజే వాళ్ళకి పారిస్ బెర్తు ఖాయమైంది. ర్యాంకింగ్‌లో సెట్లకి విలువ ఉంది కాబట్టి 0-3తో ఓడటం వేరు, 2-3తో ఓడటం వేరు. కళ్ళ ముందు ఓటమి, కానీ అందులోంచి తీసుకున్న రెండు సెట్లు వాళ్ళతోనే ఉన్నాయి.

సరే, ఇంతసేపూ చివరికి లోపలికి వెళ్ళినవాళ్ళ గురించే చెప్పాను. వెళ్ళలేకపోయినవాళ్ళ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

థాయ్‌లాండ్ మహిళలు. వాళ్ళ ఆట చూసినవాళ్ళు మర్చిపోరు. పొడగరులు కారు. సెట్టర్ నూత్సారా తోమ్‌కోమ్ ఉండేది. బంతి ఆమె వేళ్ళ దగ్గరికి వచ్చి ఎటు వెళ్ళిందో బ్లాకర్లకి తెలిసేలోపు అవతల నేల మీద ఉండేది. 2009లో ఆసియా ఛాంపియన్లు, 2013లో మళ్ళీ ఆసియా ఛాంపియన్లు. చైనాని, జపాన్‌ని ఓడించినవాళ్ళు. ఇంత చేసిన ఈ దేశం మహిళల వాలీబాల్‌లో ఒక్కసారి కూడా ఒలింపిక్స్ ఆడలేదు.

2016 మే నెల, టోక్యో. రియోకి అర్హత టోర్నీ, థాయ్‌లాండ్, జపాన్ మధ్య మ్యాచ్. రెండు రెండు సెట్లు అయ్యాయి. ఐదో సెట్ 15 పాయింట్లకి. థాయ్‌లాండ్ 12, జపాన్ 6. ఇంకో మూడు పాయింట్లు చాలు. మూడు సర్వీస్ రిసీవ్‌లు బాగా చేస్తే అయిపోయే పని.

అక్కడి నుంచి మొదలైంది. జపాన్ ఒక్కో పాయింటూ తీసుకుంటోంది. థాయ్ బెంచికీ అధికారులకీ మధ్య ఆటగాళ్ళ మార్పిడి గురించి వివాదం నడిచింది. ఆ టోర్నీలో మార్పిడిని, వీడియో సమీక్షని అడగడానికి బెంచి మీద టాబ్లెట్ కంప్యూటర్ వాడేవాళ్ళు. వాదన ముదిరింది. ఆ సెట్‌లోనే థాయ్‌లాండ్‌కి రెండు రెడ్ కార్డులు పడ్డాయి. వాలీబాల్‌లో రెడ్ కార్డు అంటే అవతలి జట్టుకి ఒక పాయింటు, సర్వీస్ కూడా. అంటే బంతి ఆడకుండానే రెండు పాయింట్లు జపాన్‌కి వెళ్ళాయి. చివరికి 15-13తో జపాన్ గెలిచింది. జపాన్ రియోకి వెళ్ళింది. థాయ్‌లాండ్ వెళ్ళలేదు.

ఎవరిది తప్పు అన్న వాదనలోకి నేను వెళ్ళను. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. ప్రతిసారీ నా చూపు ఆగేది అధికారుల మీద కాదు, కోర్టులో నిలబడ్డ ఆరుగురు అమ్మాయిల మీద. బెంచి దగ్గర వాదన జరుగుతుంటే వాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని అటే చూస్తున్నారు. వేడెక్కిన ఒళ్ళు చల్లబడిపోతోంది. 12-6 దగ్గర ఉన్న లయ వాళ్ళ కాళ్ళలోంచి పోతోంది. శిక్షకులారా, మన కోపానికి ఖరీదు కట్టేది మనం కాదు, కోర్టులో ఉన్నవాళ్ళు. న్యాయం మన పక్కనే ఉన్నా సరే. నేనూ ఎన్నోసార్లు అరిచాను. ఆ మ్యాచ్ చూశాక ఐదో సెట్‌లో నోరు కట్టుకోవడం నేర్చుకున్నాను.

నాలుగేళ్ళ తర్వాత, 2020 జనవరిలో, వాళ్ళ సొంత గడ్డ నఖోన్ రాచసీమాలో మళ్ళీ అవకాశం వచ్చింది. ఆసియా అర్హత టోర్నీ ఫైనల్, దక్షిణ కొరియాతో. ఆ కొరియా జట్టులో, జట్టు భారమంతా మోసే అటాకర్ కిమ్ యోన్-కూంగ్ ఉంది. పొట్ట కండరానికి గాయమై మధ్యలో మ్యాచ్‌లు మానేసిన మనిషి ఫైనల్‌కి దిగింది. కొరియా వరుస సెట్లలో గెలిచి టోక్యో బెర్తు పట్టుకుపోయింది. అక్కడ నాలుగో స్థానం దాకా వెళ్ళింది. థాయ్‌లాండ్ ఆ తరంలో చాలామందికి అదే చివరి అవకాశం.

కొరియా కథ కూడా అక్కడితో ఆగలేదు. టోక్యో అయ్యాక కిమ్ జాతీయ జట్టు నుంచి తప్పుకుంది. 2022 నేషన్స్ లీగ్‌లో పన్నెండు మ్యాచ్‌లకి పన్నెండూ ఓడారు. 2023లో మళ్ళీ పన్నెండుకి పన్నెండూ. పారిస్ అర్హత టోర్నీలో ఏడుకి ఏడూ. 2025లో నేషన్స్ లీగ్ నుంచే కిందికి జారిపోయారు. ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడిన జట్టు నాలుగేళ్ళలో అక్కడికి వచ్చింది. ఒకే మనిషి భుజాల మీద జట్టుని నిలబెడితే ఆ మనిషి వెళ్ళిన రోజు ఏమవుతుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కొంచెం వెలుగున్న సంగతి. మొదటి తలుపు దగ్గర ఆగిపోయినవాళ్ళు తర్వాత ఎక్కడిదాకా వెళ్ళారో చూడండి. 2019 ఆగస్టులో గ్డాన్స్క్‌లో ఫ్రాన్స్ పురుషులు పోలండ్ చేతిలో వరుస సెట్లలో ఓడారు, బెర్తు పోలండ్‌ది. ఫ్రాన్స్‌కి మిగిలింది 2020 జనవరిలో బెర్లిన్‌లో యూరప్ అర్హత టోర్నీ, అందులో ఒకే ఒక్క బెర్తు. సెమీఫైనల్లో స్లోవేనియాతో ఐదు సెట్లు పోరాడి, ఫైనల్లో జర్మనీని ఓడించి దాన్ని పట్టుకున్నారు. టోక్యోలో క్వార్టర్ ఫైనల్లో ఎదురుపడింది మళ్ళీ పోలండే. ఈసారి ఐదు సెట్లలో ఫ్రాన్స్ గెలిచింది. అక్కడి నుంచి స్వర్ణం దాకా వెళ్ళింది.

ఇటలీ మహిళలూ అంతే. 2023 సెప్టెంబర్‌లో వూచ్‌లో పోలండ్ చేతిలో 1-3తో ఓడి నేరుగా అర్హత పోగొట్టుకున్నారు. శిక్షకుడు మారాడు, హూలియో వెలాస్కో వచ్చాడు. ర్యాంకింగ్ దారిలో పారిస్‌కి వెళ్ళారు. 2024 ఆగస్టులో ఒలింపిక్ స్వర్ణం, 2025లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. వూచ్‌లో ఆ రోజు వాళ్ళ మొహాలు చూసినవాళ్ళెవరూ ఇది ఊహించలేదు.

కానీ ఒక మాట. ఫ్రాన్స్‌కీ, ఇటలీకీ రెండో తలుపు తెరిచి ఉంది. అందరికీ అలా ఉంటుందా? ఇందాక మళ్ళీ వస్తానన్నది ఇక్కడికే.

2020 నుంచి ప్రపంచ ర్యాంకింగ్ కొత్త పద్ధతిలో నడుస్తోంది. ప్రతి అంతర్జాతీయ మ్యాచ్‌కీ లెక్క ఉంటుంది. మీరెంత గెలిచారో అవతలివాళ్ళు అంతే పోగొట్టుకుంటారు. బలహీనమైన జట్టు బలమైనదాన్ని ఓడిస్తే చాలా వస్తుంది, బలమైనది బలహీనమైనదాన్ని కష్టపడి ఐదు సెట్లలో గెలిస్తే దాదాపు ఏమీ రాదు. ఇంతవరకూ ఇది పాత పద్ధతి కంటే చాలా న్యాయమైనది, నేను ఒప్పుకుంటాను. అయితే మ్యాచ్‌లకి బరువులున్నాయి. ఒలింపిక్స్ మ్యాచ్‌కి 50, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి 45, నేషన్స్ లీగ్‌కి 40. ఖండాల్లో జరిగే చిన్న టోర్నీలకి ఇంతకంటే చాలా తక్కువ.

నేషన్స్ లీగ్‌లో ఉన్న జట్టు ప్రతి వేసవిలో పన్నెండు పెద్ద మ్యాచ్‌లు ఆడుతుంది, ఒక్కోటీ 40 బరువుతో. లీగ్ బయట ఉన్న జట్టుకి అవి లేవు. ఎవరి మీద గెలిచి పైకి రావాలి? అంతకుముందు ఛాలెంజర్ కప్ అని ఒక టోర్నీ ఉండేది, అది గెలిచినవాళ్ళు నేషన్స్ లీగ్‌లోకి వెళ్ళేవాళ్ళు. 2024 తర్వాత అది ఆగిపోయింది. ఇప్పుడు చివరి జట్టు జారిపోతే, బయట ఉన్నవాళ్ళలో ర్యాంకింగ్ ఎక్కువున్నవాళ్ళు లోపలికి వస్తారు. లోపలికి రావాలంటే ర్యాంకింగ్ కావాలి, ర్యాంకింగ్ పెరగాలంటే లోపల ఆడాలి. జట్ల సంఖ్యని పదహారు నుంచి పద్దెనిమిదికి పెంచారు, మంచిదే. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ని ఇరవై నాలుగు నుంచి ముప్ఫై రెండు జట్లకి పెంచి, ప్రతి ఖండం నుంచి ముగ్గురికి చోటిచ్చారు, అది ఇంకా మంచిది. కానీ ఈ చిక్కుముడి అలాగే ఉంది.

కెన్యా మహిళలు ఆఫ్రికా ఛాంపియన్లుగా, ర్యాంకింగ్‌లో ఆఫ్రికాలో మొదటివాళ్ళుగా పారిస్ వెళ్ళారు. బ్రెజిల్, పోలండ్, జపాన్ ఉన్న పూల్. మూడు మ్యాచ్‌లూ వరుస సెట్లలో ఓడారు. "చూశారా, ఖండానికి ఒకటి ఇస్తే ఇలాగే ఉంటుంది" అన్నవాళ్ళున్నారు. నాకది బాధ కలిగించింది. అవతలి మూడు జట్లూ ఆ వేసవిలో పారిస్‌కి ముందే డజనుకి పైగా పెద్ద మ్యాచ్‌లు ఆడి వచ్చాయి. గంటకి నూరు కిలోమీటర్లు దాటే జంప్ సర్వీస్‌ని రిసీవ్ చేయడం వీడియో చూసి రాదు, ఆ సర్వీస్ ముందు నిలబడితేనే వస్తుంది. ఆ అమ్మాయిల ఎగురు చూశాను, చేతి వేగం చూశాను. వాళ్ళకి లేనిది ప్రతిభ కాదు, మ్యాచ్‌లు. ఖండానికి ఒక బెర్తు అన్నది దానం కాదు, ఆట ఐదు ఖండాల్లో బతకడానికి కావాల్సిన ఊపిరి. ఛాలెంజర్ కప్ లాంటిది మళ్ళీ పెట్టాలి, గెలిచి లోపలికి వచ్చే దారి ఒకటి ఉండాలి. ఈ మాట ఎక్కడ అవకాశం దొరికినా చెప్తున్నాను, ఇక్కడా చెప్తున్నాను. 2028 లాస్ ఏంజెలెస్‌కి 2026 ఖండ ఛాంపియన్లకి నేరుగా బెర్తులు ఇస్తున్నారు. ఆ నిర్ణయం నాకు చాలా సంతోషం కలిగించింది. ఇరవై ఏళ్ళ అమ్మాయికి ర్యాంకింగ్ పట్టిక చూపించి పరిగెత్తమంటే పరిగెత్తదు. ఈ టోర్నీ గెలిస్తే వెళ్తావని చెప్పండి, ప్రాణం పెడుతుంది.

ఆ దారి ఉంటే ఏమవుతుందో ఒక్క జట్టు గురించి చెప్పి ఆపేస్తాను. నేను మాట్లాడుతుండగా ఆ పేరు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఓడిన జట్టుగానే. స్లోవేనియా పురుషులు.

దేశ జనాభా ఇరవై లక్షల పైచిలుకు. యూరప్ ఛాంపియన్‌షిప్‌లో 2015లో వెండి, 2019లో వెండి, 2021లో వెండి. ఒలింపిక్స్ మాత్రం ఎప్పుడూ ఆడలేదు. 2019లో ఛాలెంజర్ కప్ గెలిచి నేషన్స్ లీగ్‌కి దారి వేసుకున్నారు. ఇప్పుడు ఆపేశారన్నానే, ఆ టోర్నీయే. 2020 జనవరిలో బెర్లిన్‌లో ఫ్రాన్స్‌తో ఐదో సెట్‌లో టోక్యో పోయింది. 2023 అక్టోబర్‌లో జపాన్ చేతిలో ఓడి నేరుగా పారిస్ వెళ్ళే దారీ పోయింది. ఇషికావా ఆనందంతో ఏడుస్తుంటే నెట్‌కి ఇవతల నిలబడ్డది వీళ్ళే. కెప్టెన్ టినె ఉర్నౌట్‌కి అప్పటికి ముప్ఫై ఐదేళ్ళు.

2024 వేసవిలో నేషన్స్ లీగ్ లీగ్ దశలో పన్నెండు మ్యాచ్‌లు ఆడారు, పదకొండు గెలిచారు. బ్రెజిల్, ఇటలీ, పోలండ్, ఫ్రాన్స్ అందరికంటే పైన, పట్టికలో మొదటి స్థానం. చివరి వారం మ్యాచ్‌లు వాళ్ళ రాజధాని లుబ్లియానాలోనే జరిగాయి. ర్యాంకింగ్‌లో వచ్చే ఐదు బెర్తుల్లో ఒకటి వాళ్ళది. ఆ జులైలో పారిస్ కోర్టులోకి స్లోవేనియా మొదటిసారి నడిచి వెళ్ళినప్పుడు ముందు నడిచింది ఉర్నౌటే.

మైకు అటు అందించండి, మూడో వరుసలో ఆ అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది. అడగమ్మా.